చెనిక్కాయలు ఒలిచేంత నొప్పి

మా చెల్లెలు పుంగనూరు నుంచి వస్తే తలుపు తీయకముందే నాకు తెలుస్తుంది. పిలవదు, గంట కొట్టదు. వాకిట్లో చెప్పులు రెండూ టపటపమంటాయి, అంతే. మొన్నటి ఏడాది ఎండాకాలంలో మాత్రం ఒకరోజు ఒక చెప్పే టప్పుమంది. రెండోది సర్రుమని గచ్చు మీద ఈడ్చుకుంటూ వచ్చింది. ముప్పై ఆరేళ్లు నర్సుగా చేసి మదనపల్లెలో ఇల్లు కట్టుకున్నదాన్ని, ఆ చప్పుడు ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. పొయ్యి మీద కాఫీ పొంగుతుంటే అలాగే వదిలేసి వాకిట్లోకి వెళ్లాను.

“కుడిపాదం పైకెత్తు మే,” అన్నాను.

“ముందు లోపలికి రానీ అక్కా.”

“ముందు పాదం ఎత్తు.”

ఎత్తలేకపోయింది. బొటనవేలు కాస్త కదిలింది గానీ పాదం వేలాడిపోయింది. భయమేస్తే నాకు కోపం వస్తుంది, అది నా గుణం. ఇన్నాళ్లు ఏం చేస్తున్నావు, నోరు లేదా అని వాకిట్లోనే తిట్టాను. చెల్లెలు తిట్లన్నీ ఓపిగ్గా విని, కాఫీ మాడిన వాసన వస్తోందని చెప్పింది.

తను పుంగనూరులో బట్టలు కుడుతుంది. బడిపిల్లల యూనిఫారాలు, జాకెట్లు. భర్త పోయాక ఆ మిషనే తనకు ఆధారం. మిషనుకు మోటారు పెట్టించుకుంది గానీ మోటారును నడిపేదీ ఆపేదీ కుడిపాదమే. పాదం మాట వినకపోతే సూది ఆగదు. అప్పటికే రెండుసార్లు చూపుడువేలి గోట్లో సూది దిగిందని ఆ రోజే బయటపెట్టింది. వెన్నుపూసల మధ్య గుజ్జు జారి నరాన్ని నొక్కుతోందనీ, ఆపరేషను చేయాలనీ, ఆలస్యమయ్యేకొద్దీ పాదం తిరిగి వచ్చే ఆశ తగ్గుతుందనీ డాక్టరు చెప్పాడట. ఆయన ఆ మాట చెప్పి అప్పటికే నెల దాటింది.

“మరి ఎప్పుడు చేయించుకుంటావు?”

“చేపించుకోను. అమ్మను సూసినాను గదా.”

అమ్మది కూడా ఇదే జబ్బు. మా ఇంటి ఆడవాళ్ల నడుములే అంత. మా ఊరు నిమ్మనపల్లె పక్కన, వాన పడితేనే పంట. నేను ఎనిమిదో ఏటనే క్రైస్తవుల మిషన్ బడి హాస్టలుకు వెళ్లిపోయాను, అక్కణ్ణుంచి అటే నర్సు చదువుకు. సెలవుల్లో ఇంటికొచ్చినా చదువుకునే పిల్లనని నన్ను చేనికి పంపేవారు కాదు. చెల్లెలు మాత్రం పెళ్లయ్యేదాకా అమ్మ కొంగు పట్టుకునే తిరిగింది. కలుపులకూ కోతలకూ అమ్మ పక్కన ఉన్నది తనే.

ఇరవై ఏళ్ల కిందట, నేను పనిచేసే ఆసుపత్రిలోనే అమ్మ నడుముకు ఆపరేషను అయింది. ఫ్యాను కింద మంచం చూసి వేయించాను. నా డ్యూటీ పక్క వార్డులో. చెల్లెలు అమ్మ దగ్గర కూర్చుంది. ఇప్పుడు వేస్తున్న నరాల మత్తు ఇంజక్షన్లు అప్పుడు మా దగ్గర లేవు. గంటలు చూసుకుని నొప్పి సూది వేయడం, సూదికీ సూదికీ మధ్య ఓర్చుకోమని చెప్పడం, అదే మా వైద్యం. చెల్లెలు నాలుగైదు సార్లు నా వార్డు గుమ్మం దాకా వచ్చింది. “అక్కా, అమ్మకు శానా నొప్పి ఉండాది,” అంటుంది. నేను వెళ్లి అమ్మను అడుగుతాను. అమ్మ పైకప్పు వైపు చూస్తూ, “ఏముండాదిలే. సెనిక్కాయలిస్తే వొలుచుకుంటా కూసుంటా,” అంటుంది.

నాకెంత గర్వమో చెప్పలేను. ఆపరేషనైన మర్నాడే వేరుశెనగలు ఒలుస్తానంటోంది, మా అమ్మ అంత గట్టిది అని తోటి నర్సులకు చెప్పుకుని నవ్వాను. చెల్లెల్ని మాత్రం కసిరాను. పేషెంటే బాగున్నానంటుంటే నీకేం మధ్యలో అన్నాను. తను మళ్లీ నా గుమ్మానికి రాలేదు.

అమ్మ లేచి నడిచింది. తర్వాత పన్నెండేళ్లు బతికింది, చేను చేసింది. నా దృష్టిలో అది బాగా కుదిరిన కేసు. చెల్లెలికి గుర్తున్నవి ఆపరేషను తర్వాతి మూడు రోజులు. వాటి గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇంతలో నా నడుమూ ఎదురు తిరిగింది. మనుషుల్ని మంచం నుంచి స్ట్రెచరుకీ, స్ట్రెచరు నుంచి మంచానికీ ఎత్తీ ఎత్తీ అరిగిన నడుము. నిలబడి అన్నం వార్చలేని స్థితి వచ్చాక కుప్పంలో ఆపరేషనుకు ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే నా నొప్పి ఒక కారణమైతే, చెల్లెలి పాదం రెండో కారణం.

“నేను ముందు చేయించుకుంటా,” అన్నాను. “నువ్వు పక్కన కూర్చుని చూడు. కాలం మారింది, ఇప్పుడు నొప్పి తెలియకుండా చేస్తారు. నేను బాగుంటే నువ్వూ చేయించుకోవాలి.”

“సరే అక్కా. కానీ నొప్పి ఉంటే ఉండాదని చెప్పాల. నిజం చెప్తానంటేనే వస్తా.”

“నేనెప్పుడు అబద్ధం చెప్పాను?”



బాడుగ కారులో బయల్దేరి, పుంగనూరులో చెల్లెల్ని ఎక్కించుకుని పలమనేరు, శాంతిపురం మీదుగా కుప్పం వెళ్లాం. దారిలో స్పీడు బ్రేకర్లు ఎన్నున్నాయో నా నడుమును అడిగితే తెలుస్తుంది. ఆసుపత్రిలో మత్తు డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఇంకా చదువుకుంటున్న పిల్ల. కేరళ నుంచి వచ్చి రెండేళ్లయిందట, తెలుగు కూడబలుక్కుని మాట్లాడుతుంది. నడుము ఆపరేషను తర్వాత నొప్పి తగ్గించడానికి వీపు నరాలకు వేసే మత్తు రెండు రకాలనీ, ఏది మేలో పోల్చి చూస్తున్నామనీ, నాకు ఇష్టమైతేనే చేరవచ్చనీ చెప్పింది.

నాకు తెలియని సంగతా అన్నట్టు తలూపాను. తెలియదు. నా హయాంలో చూడని విద్య అది. ఆ పిల్ల కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. రోగి పూర్తి మత్తులో ఉండగానే, స్కానింగ్ తెర మీద చూసుకుంటూ, వీపుకు రెండు పక్కలా సూది వేస్తారు. మొదటి రకంలో, వెన్ను పొడవునా దిగే పెద్ద కండరం కిందకు, ఎముక కొన దాకా సూది వెళ్లి మందు వదులుతుంది. మందు అక్కడి నుంచి పైకీ కిందికీ పాకుతుంది. రెండో రకంలో అంత లోతుకు పోకుండా, కండరాల మధ్య పొరలోనే మందు వదిలి, వీపుకు వచ్చే నరాల కొసల్ని మొద్దుబారుస్తారు. ఎవరికి ఏది వేసేదీ మూసిన కవరులోని చీటీ చెబుతుంది. నాకు తెలియదు, తర్వాత వచ్చి నొప్పి ఎంతుందని అడిగే ఈ పిల్లకూ తెలియదు. మత్తు దిగాక ఎన్ని గంటలకు నొప్పి మొదలైంది, ఎంత ఉంది, వేరే మందు ఎప్పుడు కావాల్సి వచ్చింది, ఇవన్నీ రాసుకుని పోలుస్తారు.

“నొప్పికి నంబర్ చెప్పాలి సిస్టర్. సున్నా అంటే లేదు. పది అంటే భరించలేరు. నాలుగు, అంతకన్నా ఎక్కువైతే ఇంకో మందు ఇస్తాను,” అంటూ ఒక అట్ట చూపించింది. సున్నా దగ్గర నవ్వే మొహం, పది దగ్గర కన్నీళ్లు కారుతున్న మొహం. మా వైపు ఆడవాళ్లు చచ్చినా ఆ ఏడుపు మొహం మీద వేలు పెట్టరు అనుకున్నాను. అనుకున్నదాన్ని అనుకున్నట్టు ఆ పిల్లతో చెప్పి ఉంటే బాగుండేది.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి పక్క మంచం ఆమెను తీసుకెళ్లారు. శాంతిపురం అవతలి పల్లె, నా వయసే ఉంటుంది. చెనిక్కాయల చేను, కాస్త మల్బరీ తోట. ఆమెదీ నడుమే, ఆమె కూడా ఈ పోలికలో చేరింది. పదకొండింటికి నా వంతు వచ్చింది. ఒంట్లోకి మత్తు ఎక్కుతుంటే ప్రార్థన మొదలుపెట్టాను, సగం కూడా కాలేదు.

కళ్లు తెరిచేసరికి నడుము ఉన్నట్టే లేదు. పూర్తిగా తెలివొచ్చాక జాగ్రత్తగా వెతుక్కున్నాను, నొప్పి ఎక్కడుందా అని. వీపు మీద తడి దుప్పటి పరిచినట్టు ఒక మొద్దుతనం, అంతే. కాలివేళ్లు కదిలించాను, కదిలాయి. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఆపరేషనైన రోజు అమ్మ మొహం నాకు బాగా గుర్తు. ఇలాంటి సూది ఒకటి ఆ రోజు ఉంటే ఎంత బాగుండేది అనిపించింది.

“చూసావా?” అన్నాను స్టూలు మీదున్న చెల్లెలితో. “ఒట్టు, ఏమీ తెలియడం లేదు.”

“నిజంగానా?” అని నా మొహంలోకి చూసింది. అప్పటికి నిజమే చెప్పాను గనుక తను నమ్మింది. కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నట్టు స్టూలు మీదే కాస్త వదులుగా కూర్చుంది.

మూడు గంటలకు డాక్టరమ్మ అట్ట పట్టుకుని వచ్చింది. నేను గట్టిగా సున్నా అన్నాను. ఆ పిల్ల సంతోషంగా రాసుకుని పక్క మంచం వైపు తిరిగింది.

“అమ్మా, నొప్పి ఎంత? సున్నా నుంచి పది.”

పక్కామె అట్టను చూసింది, డాక్టరమ్మను చూసింది. లెక్క తెలియక కాదు. ఎన్ని పట్టుపురుగులకు ఎన్ని తట్టల ఆకు కావాలో పొద్దున నాకు నోటిమీద చెప్పిన మనిషి. నొప్పికి అంకె వేయడం మాత్రం ఆమె ఎన్నడూ ఎరగదు.

“సెనిక్కాయలు వొలిచేంత ఉండాది డాక్టరమ్మా,” అంది.

ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు. నా నోరు ఊరుకుంటుందా? పడుకున్నచోటి నుంచే కల్పించుకున్నాను. “రెండు వేసుకోండి డాక్టర్. కూర్చుని చెనిక్కాయలు ఒలుచుకోగలదట. అంటే తక్కువే.”

“థాంక్యూ సిస్టర్,” అని ఆ పిల్ల రెండు వేసుకుంది. పెద్ద నర్సును దుబాసీగా పెట్టుకున్నానని ఆమెకు ధైర్యం. నాకూ ముచ్చటగానే ఉంది. రిటైరైనా పనికొస్తున్నానని.

“అక్కా,” అంది చెల్లెలు మెల్లగా. “అది రెండు కాదేమో.”

“నీకేం తెలుసు, ఊరుకో,” అన్నాను.



ఆరు గంటలయ్యేసరికి నా తడి దుప్పటి జారిపోవడం మొదలైంది. ముందు కుట్ల దగ్గర చురుక్కుమంది. తర్వాత ఆ చురుకు నడుమంతా పరుచుకుంది. వేళ్లు దుప్పటి అంచును బిగించి పట్టుకున్నాయి. అంతలో డాక్టరమ్మ రానే వచ్చింది. నొప్పి ఎంత సిస్టర్ అంది. ఆరు. ఆ అంకె నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ చెల్లెలు స్టూలు మీద ముందుకు వంగి నా జవాబు కోసం చూస్తోంది. ఆరు అంటే తను ఇక ఆపరేషను మాటెత్తదు. పాదం అలా వేలాడుతూనే ఉండిపోతుంది.

“మూడు,” అన్నాను.

చెల్లెలు నా మొహం చూడలేదు. దుప్పటి పట్టుకున్న నా చేతిని చూసింది. నేను చేతిని దుప్పటి కిందికి లాక్కున్నాను.

పక్కామెను అడిగితే మళ్లీ అదే మాట, సెనిక్కాయలు వొలిచేంత. నేను మళ్లీ రెండు అన్నాను. డాక్టరమ్మ రాసుకుని వార్డు ఆ చివరికి వెళ్లింది.

ఆమె వెళ్లిన కాసేపటికే పక్కామె కోడలు ఫ్లాస్కులో కాఫీ తీసుకుని వచ్చింది. మధ్యాహ్నం పసిబిడ్డకు పాలివ్వడానికని బంధువుల ఇంటికి పోయిన పిల్ల. రాగానే అత్త పైపెదవి మీది చెమట చూసి, “ఎట్లుండాది అత్తా?” అంది.

“సెనిక్కాయలు వొలిచేంత.”

ఫ్లాస్కు బల్ల మీద పెట్టడం కూడా మరిచి కోడలు అలాగే నిలబడిపోయింది. “ఎప్పట్నించి?”

“ఒంటిగంట నించి. చెప్తానే ఉండా గదమ్మే, అడిగినప్పుడంతా.”

“అయ్యో, ఎవురూ పట్టించుకోలేదా? సిస్టర్! డాక్టరమ్మా!” అని ఆ పిల్ల గొంతెత్తింది.

“ఆగమ్మా,” అన్నాను నేను. “కూర్చుని పని చేసుకోగలదంటే తక్కువ నొప్పేగా?”

ఆ పిల్ల నా వైపు తిరిగింది. మర్యాదగానే మాట్లాడింది గానీ కళ్లలో నీళ్లున్నాయి. “తక్కువ యాడిదమ్మా! సెనిక్కాయలు వొలిచేదానికి ఎవుర్ని కూసోబెడతారు? చేనికి పోలేనోళ్లను గదా. జరమొచ్చినోళ్లు, బాలింతలు, కాలిరిగినోళ్లు. కలుపు తీసేంత నొప్పంటే ఏం లేదని. నీళ్లు మోసేంత అంటే ఓర్చుకుంటానని. సంగటి గెలికేంత అంటే ఏమన్నా మాత్ర ఇమ్మని. సెనిక్కాయలు వొలిచేంత అంటే ఇంగ నా వల్ల కాదని. మా అత్త తేలు కుట్టిన నాడు అన్నింది ఆ మాట. మళ్లా ఈ పొద్దే.”

నేను మెల్లగా చెల్లెలి వైపు తల తిప్పాను. తను తన చేతులకేసి చూసుకుంటోంది.

“అమ్మ గూడా అదే మాట అన్నింది అక్కా,” అంది.

అమ్మ పైకప్పు వైపు చూస్తూ చెప్పిన మాట. నేను నలుగురికీ చెప్పుకుని నవ్విన మాట. ఇక నా వల్ల కాదు తల్లీ, ఏదైనా చెయ్యి అని అమ్మ నన్ను అడిగింది. తన కూతురు నర్సు గదా, అర్థమవుతుందనుకుంది. చెల్లెలు నాలుగైదు సార్లు వచ్చి చెప్పింది. నేను విననందుకే కదా ఇరవై ఏళ్లుగా తను నా మాట నమ్మడం లేదు. తనకు భయం నొప్పి గురించి కాదు. నొప్పి అని చెప్తే ఎవరూ వినరేమోనని.

“డాక్టర్!” అని అరిచాను. నా పాత వార్డు గొంతు అది, ఎన్నాళ్లకో వచ్చింది. డాక్టరమ్మ పరుగెత్తుకుని వచ్చింది.

“ఈమెకు నేను చెప్పిన రెండు తప్పు. మూడింటికీ తప్పే, ఆరింటికీ తప్పే. ఎనిమిదో తొమ్మిదో ఉంటుంది. కోడల్ని అడగండి, నన్ను కాదు. ముందు ఆమెకు మందు ఇవ్వండి, తర్వాత ఆ కాగితం దిద్దుకోండి.” ఊపిరి తీసుకున్నాను. చెల్లెలు వింటోంది. “నాది కూడా మూడు కాదు. ఆరు. అబద్ధం చెప్పాను.”

డాక్టరమ్మ చేతిలోని కాగితం వైపు చూసుకుంది. “నేనే నేరుగా అడగాలి సిస్టర్, నా తప్పు,” అంది. నేను ఒప్పుకోలేదు. కొత్త ఊళ్లో భాష వెతుక్కుంటున్న పిల్లకు తప్పు దారి చూపించింది నేను. డాక్టరమ్మ ముందు ఇద్దరికీ మందు ఎక్కించింది. ఆ తర్వాత పాత అంకెల మీద ఒక్క గీత గీసి, పక్కన టైము వేసి, జరిగింది జరిగినట్టు రాసుకుంది. అలా గీత గీస్తూ కూడా కింద అంకె కనబడేలా వదిలేసింది. మంచి పద్ధతి. నా రెండు ఇప్పటికీ ఆ కాగితంలో ఉండే ఉంటుంది.

అరగంటకు పక్కామె పెదవి మీది చెమట ఆరిపోయింది. కోడలిచ్చిన కాఫీ రెండు గుక్కలు తాగింది. డాక్టరమ్మ ఈసారి అట్ట పక్కన పెట్టి, “అమ్మా, ఇప్పుడు ఏ పని చేసేంత?” అని అడిగింది.

“ఇప్పుడైతే నీళ్లు మోసేంతే తల్లీ.”

“వద్దు వద్దు, లేవకూడదు!” అని డాక్టరమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది. పక్కామె పకపకా నవ్వి, నవ్వితే కుట్లు లాగాయని మళ్లీ మూలిగింది. కోడలు నవ్వింది, చెల్లెలు నవ్వింది. నేను ఏడుస్తూ నవ్వాను. దుప్పటి కింద దాచుకున్న నా చేతిని చెల్లెలు బయటికి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. నాకు ఎంత తేలికైందో.

క్షమించమని పక్కామెను అడిగాను. “నీకు తెలీలేదు, అంతే గదక్కా. నువ్వు చేనికి పోయినదానివి కాదని చేతులు సూస్తేనే తెలస్తాది,” అంది. అంతకన్నా మృదువుగా నన్ను ఎవరూ తిట్టలేదు.

ఇంటికి పంపే రోజు డాక్టరమ్మను అడిగాను, రెండు రకాల్లో ఏది మేలని. “ఇద్దరితో తేలదు సిస్టర్. అందరివీ అయ్యాక కవర్లు విప్పుతాం,” అంది. నాది లోతుగా వేసిన రకమేమో, అందుకే ఇంకో రెండు గంటలు ఎక్కువ ఆగిందేమో అని నా ఊహ. ఊహే. ఒకరి ఒళ్లు ఒకరిలా ఉండదు. ఏ రకమైనా ఆ మొదటి కొన్ని గంటల ఊరట గొప్ప వరం, అందులో నాకు అనుమానం లేదు. అమ్మకు దక్కనిది నాకు దక్కింది. కానీ ఆ మత్తు ఏదో ఒక గంటకు దిగిపోతుంది. దిగినప్పుడు మంచం పక్కన వినేవాళ్లు ఒకరు ఉండాలి.

తిరుగు ప్రయాణంలో శాంతిపురం దాటాం. పలమనేరు వస్తుందనగా చెల్లెలు, “నేను గూడా చేపించుకుంటా,” అంది.

“నాకు ఆరు అని విన్నాక కూడానా?”

“విన్నాను గాబట్టే. నువ్వు మూడు అనే ఉండిపోయింటే చేపించుకోను. కానీ పక్కన నువ్వే ఉండాల.”

నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. డ్రైవరు కుదుపులకు నొప్పి పుడుతోందేమోనని బండి నెమ్మది చేశాడు. చేయనిచ్చాను.

రెండు నెలలకు అదే కుప్పంలో, అదే వార్డులో తనకు ఆపరేషను అయింది. నడుముకు బెల్టు బిగించుకుని ఈసారి స్టూలు మీద నేను కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా హాయిగా పడుకుంది. సాయంత్రం ఐదు దాటాక డాక్టరమ్మ అట్టతో వచ్చింది. చెల్లెలు ఆలోచించి, “మూడో, నాలుగో,” అంది. అని నా వైపు చూసింది.

“ఏ పనికి సరిపోయేంత?” అన్నాను.

“గుండీలు కుట్టేంత అక్కా.”

చేనికి చెనిక్కాయలు ఎలాగో కుట్టుపనికి గుండీలు అలాగ. మిషను మీద కూర్చోలేని రోజు, ఇంక ఏదీ చేతకాని రోజు, గోడకు ఆనుకుని చేత్తో చేసే పని. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. పుంగనూరులో తన గదిలో జ్వరంతో దుప్పటి చుట్టుకుని కూర్చుని గుండీలు కుడుతుంటే చూశాను, అంతే. “ఎనిమిది డాక్టర్. మందు ఇవ్వండి,” అన్నాను. డాక్టరమ్మ చెల్లెల్ని అడిగింది, ఎనిమిదేనా అని. చెల్లెలు అవునని తలూపింది. కళ్లు మూసుకుని, నా బెల్టు కొస పట్టుకుంది. మందు ఎక్కేదాకా వదల్లేదు.

పాదం వెంటనే రాలేదు. మొదట వేళ్లు, తర్వాత పాదం కొంచెం, మళ్లీ కొంచెం. రోజూ వ్యాయామం, రోజూ ఫోనులో నా సతాయింపు. నాలుగు నెలలు దాటాక ఒక సాయంత్రం మిషను ముందు కూర్చుని వీడియో చూపించింది. పాదం నొక్కితే సూది నడిచింది, ఎత్తితే ఆగింది. నేను ఫోను పట్టుకుని దేవుడికి దండం పెట్టుకున్నాను.

పోయిన వారం పుంగనూరు వెళ్లాను. వీధిలోకి తెరుచుకునే ఆ గదిలో తను యూనిఫారాలు కుడుతుంటే ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. బస్సులో నిలబడి వచ్చినందుకు నడుము పట్టేసింది.

“నడుము ఎట్లుండాదక్కా?” అంది తలెత్తకుండానే.

“బాగానే ఉంది.”

మిషను ఆగింది. పాదం పైకెత్తి ఆపింది. “పనిలో చెప్పు,” అంది.

నడుము మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాను. ఇన్నేళ్లలో నొప్పి ఎంతుందని నన్ను నేను సరిగా అడుక్కోవడం అదే మొదటిసారేమో.

“సంగటి గెలికేంత,” అన్నాను.

ఇంకేమీ అడగలేదు. కుడుతున్న చొక్కా మిషను మీదే వదిలేసి లేచి, గడప దగ్గర చెప్పులు వేసుకుని, మాత్ర తెస్తానని వీధి చివరి మందుల షాపుకు బయల్దేరింది. నేను స్టూలు మీదే కూర్చుని విన్నాను. షాపు దాకా రెండు చెప్పులూ టపటపమంటూనే వెళ్లాయి.